లింకన్‌కే తెలియని లింకన్

1848 మార్చి 6న అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడొకరు తన వంశం గురించి ఒక ఉత్తరం రాశారు. మసాచుసెట్స్‌లోని హింగ్‌హాం ఊరికి చెందిన సాలమన్ లింకన్ అనే చరిత్రకారుడికి అది జవాబు. తన తండ్రి పేరు థామస్, తాత పేరు తన పేరే, అబ్రహాం. తాత సుమారు 1782లో వర్జీనియాలోని రాకింగ్‌హాం కౌంటీ నుంచి కెంటకీకి వెళ్లాడు, రెండేళ్లకు ఆదివాసుల చేతిలో చనిపోయాడు. ముత్తాత పెన్సిల్వేనియా నుంచి వచ్చాడని, క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడని ఇంట్లో అనుకునేవారు. అంతకు వెనక ఏమీ తెలియదు. పన్నెండేళ్ల తర్వాత అధ్యక్షుడిగా ఎన్నిక కాబోయే మనిషికి తన వంశం గురించి తెలిసింది మూడు తరాలు, అదీ సగమే.

ఆయన చెప్పినవాటిలో కొన్ని సరైనవి, కొన్ని తప్పు, కొన్ని పక్కింటివి. ఈ రోజు ఆ తాత గురించి మనకు మనవడి కంటే ఎక్కువ తెలుసు. అలా తెలియడానికి కారణం ఎవరి జ్ఞాపకమూ కాదు. కొలత గొలుసు పట్టినవాళ్ల పేర్లు రాసిన సర్వే కాగితం, భార్య సమ్మతి కోసం కోర్టు ఇచ్చిన ఉత్తర్వు, చనిపోయినవాడి ఆవులకు, పనిముట్లకు వెలకట్టిన జాబితా. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు సైనికుడి వంశం వెతికేవాళ్లకు ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ఒక్క మనిషి కథలోనే ఉన్నాయి. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ముందుగా ఇప్పుడు స్థిరపడిన వంశక్రమం చెప్పుకుందాం. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ నుంచి 1637లో శామ్యూల్ లింకన్ మసాచుసెట్స్ చేరి హింగ్‌హాంలో కాపురం పెట్టాడు. ఆయన కొడుకు మొర్దెకై. ఆ మొర్దెకై కొడుకు పేరూ మొర్దెకైయే. అతను న్యూజెర్సీకి, అక్కడి నుంచి పెన్సిల్వేనియాకు వెళ్లాడు. అతని కొడుకు జాన్ 1760లలో వర్జీనియాలోని షెనండోవా లోయలో లిన్‌విల్ క్రీక్ ఒడ్డుకు మారాడు. 1744లో పుట్టిన జాన్ పెద్దకొడుకే మన కెప్టెన్ అబ్రహాం. ఆయన చిన్నకొడుకు థామస్, థామస్ కొడుకు అధ్యక్షుడు. ప్రతి తరమూ ఒక కొండో ఒక నదో దాటింది. దాటిన ప్రతిసారీ వెనకటి ఊరు జ్ఞాపకంలోంచి జారిపోయింది.

హింగ్‌హాంతో సంబంధం నిరూపించడానికి లింకన్ కాలంలోనే ప్రయత్నం జరిగింది. 1859 డిసెంబరులో రాసిన చిన్న ఆత్మకథలో ఆయనే దాన్ని ప్రస్తావించారు. రెండు కుటుంబాల్లోనూ ఈనక్, లీవై, మొర్దెకై, సాలమన్, అబ్రహాం వంటి పేర్లు ఉన్నాయన్నదానికి మించి ఏమీ తేలలేదన్నారు. ఇక్కడ ఆయన జాగ్రత్త మెచ్చుకోదగ్గది. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఈ విషయం వెంటనే అర్థమవుతుంది: ఒకే పేరు పదేపదే రావడం వంశానికి ఆనవాలే గాని రుజువు కాదు. రుజువు తర్వాత వేరే చోట దొరికింది. 1748లో న్యూజెర్సీలోని మూడు వందల ఎకరాలు అమ్మిన దస్తావేజులో జాన్ తనను మొర్దెకై కొడుకుగా, వారసుడిగా చెప్పుకున్నాడు. ఆ భూమి మొర్దెకైదే కాబట్టి న్యూజెర్సీకీ పెన్సిల్వేనియాకూ మధ్య తెగిన దారం అక్కడ ముడిపడింది.

పేర్లు దారి చూపినట్టే దారి తప్పిస్తాయి కూడా. కెప్టెన్ అబ్రహాం బతికున్న రోజుల్లోనే పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీలో ఇంకొక అబ్రహాం లింకన్ ఉన్నాడు. అతను 1736లో, తండ్రి మొర్దెకై చనిపోయాక పుట్టినవాడు. అంటే కెప్టెన్‌కు వరసకు బాబాయి, వయసులో ఎనిమిదేళ్లే పెద్ద. 1787లో పెన్సిల్వేనియాలో అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించడానికి జరిగిన సభలో బెర్క్స్ ప్రతినిధిగా కూర్చుని వ్యతిరేకంగా ఓటు వేసింది ఇతనే. పేరు, కాలం మాత్రమే చూసి వెతికేవారు ఈ ఇద్దరినీ ఒక్కరిగా కలిపేయడం చాలా తేలిక. కలిపేస్తే 1786లో చనిపోయిన మనిషి 1787లో ఓటు వేసినట్టవుతుంది.

ఆ క్వేకర్ కథ ఎక్కడిదన్న ప్రశ్నకూ ఈ బాబాయి దగ్గరే కొంత జవాబు దొరుకుతుంది. అతను పెళ్లాడిన అన్ బూన్ కెంటకీ దారి తీసిన డేనియల్ బూన్‌కు బంధువు, క్వేకర్ల ఇంటి పిల్ల. మతం బయటివాణ్ని చేసుకున్నందుకు ఆమె తన సమాజం ముందు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. అంటే ఆ పెళ్లినాటికి లింకన్లు క్వేకర్లు కారు. చుట్టుపక్కల ఉన్నవాళ్లు, వియ్యమందినవాళ్లు క్వేకర్లు. రెండు తరాలు గడిచేసరికి ఇరుగుపొరుగు మతమే ఇంటి మతంగా జ్ఞాపకంలో మారిపోయింది.

ఇక సైనిక సేవ. వర్జీనియాలో మన అబ్రహాం మిలీషియా, అంటే పిలిచినప్పుడు వెళ్లే స్థానిక దళం, కెప్టెన్. జనరల్ లాక్లన్ మెకిన్‌టోష్ 1778లో పశ్చిమ సరిహద్దు మీదికి తీసిన దండయాత్రలో ఈయన పేరు వినిపిస్తుంది. అయితే రాకింగ్‌హాం కౌంటీలో మాత్రమే వెతికేవారికి ఈ కెప్టెన్ హోదా మొదలు కనిపించదు, ఎందుకంటే అది మొదట ఆగస్టా కౌంటీ మిలీషియాలోది. 1778లో ఆగస్టాను చీల్చి రాకింగ్‌హాంను ఏర్పాటు చేశారు. లింకన్ల పొలం అంగుళం కదలలేదు, దాని కచేరీ మాత్రం మారింది. సరిహద్దు ప్రాంతాల వంశచరిత్రలో ఇది మొదట నేర్చుకోవలసిన సంగతి: ఊరు ఎక్కడుందని కాదు, ఆ ఏడు ఆ ఊరి కాగితాలు ఏ కచేరీలో దాఖలయ్యేవని అడగాలి. దీనికి తోడు రాకింగ్‌హాం రికార్డులను 1864 జూన్‌లో, అంతర్యుద్ధం మధ్య, భద్రత కోసం బండిలో వేసి తరలిస్తుండగా ఉత్తర సైన్యం అంటించింది. మిగిలిన కొన్ని పుస్తకాల అంచులు ఇప్పటికీ కాలిన గుర్తులతోనే ఉన్నాయి. ఆ సైన్యం ఎవరి పక్షాన పోరాడిందో, ఆ కాగితాల్లో ఎవరి తాత ఉన్నాడో తలచుకుంటే మనసు ఒక్క క్షణం ఆగుతుంది.

స్వాతంత్ర్య యుద్ధ సైనికుల వారసులు అందరికంటే ముందు వెతికేది పింఛను దస్త్రం. దానికి కారణం ఉంది. 1818 చట్టంతో, ఆపైన ఇంకా ఉదారమైన 1832 చట్టంతో, ముసలి సైనికులు కోర్టుకు వచ్చి తమ సేవను వాంగ్మూలంగా చెప్పాల్సి వచ్చింది. యుద్ధ శాఖ కార్యాలయంలో 1800 నవంబరులో జరిగిన అగ్నిప్రమాదంలో అసలు సైనిక రికార్డులు చాలావరకు పోయాయి కాబట్టి ఈ నోటిమాటలే చరిత్రగా మిగిలాయి. ఎక్కడ పుట్టాడు, ఎవరి కింద పనిచేశాడు, యుద్ధం తర్వాత ఏయే ఊళ్లు మారాడు అన్నీ వాటిలో ఉంటాయి. పెళ్లికి రుజువుగా వితంతువులు ఇంటి బైబిల్ నుంచి చింపి జతచేసిన పుటలు కూడా కొన్ని దస్త్రాల్లో ఉన్నాయి. కానీ ఈ అదృష్టం 1818 దాకా బతికినవాళ్లది. 1786లోనే పోయిన కెప్టెన్ అబ్రహాం చెప్పిన అలాంటి వాంగ్మూలం ఉండే అవకాశమే లేదు. జనాభా లెక్కలూ పనికిరావు. మొదటి లెక్క 1790ది, అందులో ఇంటి యజమాని పేరు మాత్రమే రాసేవారు, పైగా వర్జీనియా, కెంటకీల అసలు జాబితాలు దక్కలేదు. ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ రాసింది 1850 నుంచే.

కాబట్టి మిగిలింది భూమి. అసలు కథ ఉన్నదీ అక్కడే.

చాలా కుటుంబాల్లో ఒక మాట వింటాం: మా పూర్వీకుడు యుద్ధంలో పోరాడాడు, అందుకు ప్రభుత్వం కెంటకీలో భూమి ఇచ్చింది. కెప్టెన్ అబ్రహాం విషయంలోనూ ఇది సహజంగా తోచే ఊహే. కెప్టెన్, ఆపైన కెంటకీలో వందల ఎకరాలు, ఇంకేం కావాలి? కాని వర్జీనియా సైనికులకిచ్చిన ఇనాం భూమి ప్రధానంగా మూడేళ్లు నిలకడగా పనిచేసిన సైన్యంవారికి దక్కింది. అవసరమైనప్పుడు పిలిస్తే వెళ్లి వచ్చే మిలీషియావారికి ఆ హక్కు లేదు. ఈయన భూమిని డబ్బు పెట్టి కొన్నాడు. 1779లో వర్జీనియా చేసిన భూచట్టం ప్రకారం ఖజానాలో వంద ఎకరాలకు 40 పౌండ్లు కడితే ఒక వారంటు, అంటే అంత భూమి పొందే హక్కు పత్రం, చేతికిచ్చేవారు. 1780 మార్చి 4న ఈయన తీసుకున్న 3334 నంబరు వారంటు ఇప్పటికీ ఉంది. నాలుగు వందల ఎకరాలకు 160 పౌండ్లు ముట్టినట్టు అందులో రాశారు.

వారంటు ఉన్నంత మాత్రాన పొలం ఉన్నట్టు కాదు. కొన్నవాడు తనకు నచ్చిన చోటు చూసుకుని కౌంటీ సర్వేయర్ దగ్గర నమోదు చేయించుకోవాలి, కొలిపించాలి, చివరికి పట్టా పొందాలి. ఒక్కొక్క మెట్టుకు ఏళ్లు పట్టేవి, ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక కాగితం పుట్టేది. ఈ నాలుగు మెట్లు తెలిసిన పరిశోధకుడికి ఒకే మనిషి జీవితంలో నాలుగు తేదీలు దొరుకుతాయి. లాంగ్ రన్ అనే వాగు మీద ఈ నాలుగు వందల ఎకరాలను 1785 మే 7న కొలిచారు. గొలుసు పట్టినవాళ్లు హనానియా లింకన్, జోసయ్య లింకన్. చెట్ల మీద గుర్తులు వేసినవాడు అబ్రహాం.

ఇక్కడే ఇంకో చిక్కు. వారంటులోనూ సర్వేలోనూ ఇంటిపేరు "లింక్‌హార్న్" అని ఉంది. రాసేవాడు చెవికి వినిపించింది రాశాడు, అంతే. సూచికలో లింకన్ కోసం మాత్రమే వెతికినవాడు ఈ కాగితాన్ని దాటి వెళ్లిపోతాడు. ఆ కాలపు గుమాస్తాలకు ఇంటిపేరుకు స్థిరమైన అక్షరాలుండాలన్న పట్టింపు లేదు. అందువల్ల అక్షరాన్ని గాక శబ్దాన్ని వెతకాలి, పేరుతోపాటు పక్కనున్న వాగును, పొరుగువారిని, సాక్షులను చూడాలి.

కెంటకీ భూమి కొనేముందు, 1780 ఫిబ్రవరిలో, ఆయన లిన్‌విల్ క్రీక్ పొలాన్ని అమ్మేశాడు. దస్తావేజులో ధర ఐదు వేల పౌండ్లు. ఆ అంకె చూసి ధనవంతుడనుకుంటే పొరపాటు, యుద్ధకాలంలో కాగితపు డబ్బు విలువ పాతాళానికి పడిపోయింది. నాకు ఆ ధర కంటే విలువైనదిగా కనిపించేది భార్య పేరు. భర్త అమ్మిన భూమిలో భార్యకు మూడో వంతు మీద జీవితకాల హక్కు ఉండేది. ఆమె ఎవరి ఒత్తిడీ లేకుండా వదులుకుంటేనే కొన్నవాడికి పూర్తి హక్కు. ఆమె కచేరీకి ప్రయాణం చేయలేని స్థితిలో ఉందని, ఇంటికి వెళ్లి సమ్మతి తీసుకోమని 1781 సెప్టెంబరులో కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఆమె పేరు బత్‌షీబా. దీనితో రెండు సంగతులు తేలాయి. 1781 శరత్కాలానికి కుటుంబం ఇంకా వర్జీనియాలోనే ఉండి ఉండాలి, అంటే 1781 లేదా 82లో కెంటకీకి వెళ్లాడన్న మనవడి మాట సరైనదే. రెండోది, మేరీ షిప్లీ అనే స్త్రీ ఈయన భార్య అని, పెద్దపిల్లలకు ఆమే తల్లి అని పాత పుస్తకాలు ఎన్నో రాశాయి. కాగితాల మీద కనిపించేది మాత్రం బత్‌షీబాయే. ఆమె లిన్‌విల్ క్రీక్ హెరింగ్ కుటుంబపు ఆడపడుచు అన్నది ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకున్న మాట, అయితే దానికి ఆధారం పరిస్థితులే, పుట్టింటి పేరు చెప్పే దస్తావేజు కాదు.

ఇప్పుడు చావు దగ్గరికి వద్దాం. లింకన్ 1854 ఏప్రిల్ 1న ఒక బంధువుకు రాసిన ఉత్తరంలో, అన్ని కథల్లోకీ తన మనసులో బలంగా ముద్రపడింది ఇదేనన్నారు: తాత ఆదివాసుల చేతిలో చనిపోవడం, అప్పటికి పద్నాలుగేళ్ల పెదనాన్న మొర్దెకై వాళ్లలో ఒకణ్ని కాల్చడం. కుటుంబంలో చెప్పుకున్న కథ ఇలా ఉంటుంది. తండ్రి ముగ్గురు కొడుకులతో పొలంలో పనిచేస్తుండగా అడవిలోంచి తుపాకీ పేలింది. తండ్రి కూలిపోయాడు. జోసయ్య సాయం కోసం కోటవైపు పరుగెత్తాడు. మొర్దెకై గుడిసెలోకి వెళ్లి తుపాకీ అందుకున్నాడు. చిన్నవాడు థామస్ తండ్రి పక్కనే ఉండిపోయాడు. వాణ్ని పట్టుకోవడానికి వంగిన మనిషిని మొర్దెకై గుడిసెలోంచి గురిచూసి కాల్చాడు.

ఆ దృశ్యం చెక్కుచెదరలేదు, తేదీ చెదిరింది. వలస వచ్చిన రెండేళ్లకు, అంటే 1784లో, అని లింకన్ నమ్మారు. తండ్రికి అప్పుడు ఆరేళ్లని కూడా రాశారు. థామస్ 1778 జనవరిలో పుట్టాడు కాబట్టి ఆ లెక్క 1784కు సరిపోతుంది. కాని మొర్దెకై పుట్టింది 1771 ప్రాంతంలో. వాడికి పద్నాలుగు అంటే 1785 లేదా 86. మనవడు చెప్పిన రెండు వయసులూ ఒకదానితో ఒకటి పొసగవు. తగువు తీర్చింది సర్వే కాగితమే: 1785 మేలో ఆ మనిషి బతికే ఉన్నాడు, అడవిలో చెట్లకు గుర్తులు వేస్తున్నాడు. ఇప్పుడు చరిత్రకారులు స్థిరపరచిన తేదీ 1786 మే.

రెండేళ్ల తేడాకు ఇంత గొడవ ఎందుకని అడగవచ్చు. ఎందుకంటే ఆ తేదీ మీదే ఆ ఇంటి తర్వాతి నలభై ఏళ్ల బతుకు ఆధారపడింది. కెంటకీ 1792 దాకా వర్జీనియాలో భాగం. వీలునామా రాయకుండా చనిపోతే భూమంతా పెద్దకొడుకుకే అన్నది అక్కడి పాత చట్టం. దాన్ని రద్దుచేసి పిల్లలందరికీ సమభాగం ఇచ్చిన చట్టం 1785లో ఆమోదం పొందింది, కాని అమలులోకి వచ్చింది 1787 జనవరి 1న. కెప్టెన్ అబ్రహాం అంతకు ఏడెనిమిది నెలల ముందే పోయాడు. భూమి మొర్దెకైకి వెళ్లింది. తండ్రి శవం పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల థామస్‌కు ఏమీ మిగల్లేదు. తన తండ్రి చిన్నతనంలోనే ఊరూరా కూలి చేసుకుంటూ, చదువన్నది లేకుండా పెరిగాడని అధ్యక్షుడు 1860లో రాశారు. ఆ పేదరికానికి కారణం తుపాకీ గుండు ఒక్కటే కాదు, క్యాలెండరు కూడా.

ఈ మరణం తాలూకు ఆస్తి వ్యవహారం చనిపోయిన జెఫర్సన్ కౌంటీలో కాక నెల్సన్ కౌంటీ కోర్టులో కనిపిస్తుంది. 1788 అక్టోబరులో ఆస్తికి నిర్వాహకుణ్ని నియమించారు, తర్వాతి మార్చిలో వస్తువుల జాబితా దాఖలైంది. గుర్రాలు, ఆవులు దూడలు, వ్యవసాయ పనిముట్లు, తుపాకులు, పరుపులు. మొత్తం విలువ 68 పౌండ్ల 16 షిల్లింగుల 6 పెన్నీలు. నాకు ఏ చిత్రపటం కంటే ఈ జాబితాలోనే ఆ ఇల్లు స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక సంగతి ఈ కాగితాల్లో ఎక్కడా లేదు. ఆ గుడిసె ముందు చనిపోయిన రెండో మనిషి పేరు. 3334 నంబరు వారంటు అమ్మిన భూమి, షానీ తదితర తెగలు తరతరాలుగా వేటాడిన నేల. వాళ్లతో ప్రమేయం లేకుండా అప్పటి వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్‌లో దానికి ధర కట్టారు. 1786లోనే కెంటకీ సేనలు ఒహాయో నది దాటి షానీల ఊళ్లు తగలబెట్టాయి. వంశవృక్షం గీసేవారు ఆ రెండో మనిషికి కూడా ఒక గడి వదలాలి, అందులో ఏమీ రాయలేకపోయినా సరే.

వర్జీనియా వారంట్ల పద్ధతి ఇంకో తరాన్నీ వెంటాడింది. ఎవరికి నచ్చిన చోట వాళ్లు చెట్లు, రాళ్లు హద్దులుగా కొలుచుకోవడంతో ఒకే నేల మీద రెండు మూడు హక్కులు పడ్డాయి. సొంతంగా పొలాలు కొనుక్కున్న థామస్ ఆ తగాదాల్లోనే నష్టపోయాడు. 1816లో కుటుంబం ఇండియానాకు మారడానికి బానిసత్వం ఒక కారణమైనా, ప్రధాన కారణం కెంటకీ భూముల హక్కుల చిక్కేనని కొడుకే రాశారు.

1832లో ఆదివాసులతో జరిగిన బ్లాక్ హాక్ యుద్ధంలో ఆ మనవడు కూడా మిలీషియాలో చేరాడు. తోటివాళ్లు అతన్ని కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. 1850, 1855 చట్టాల కింద ఆ సేవకు అతనికి అయోవాలో మొత్తం 160 ఎకరాలు దక్కాయి. ఆ విధంగా రికార్డుల్లో ఇద్దరు కెప్టెన్ అబ్రహాం లింకన్లు ఉన్నారు, ఇద్దరూ సరిహద్దు మిలీషియాలో పనిచేసినవాళ్లే, ఇద్దరి పేర్ల మీదా భూమి కాగితాలు ఉన్నాయి. సేవకు ప్రతిఫలంగా భూమి పొందింది మనవడు. తాత చేతికి వచ్చిన కాగితం మీద లింక్‌హార్న్ అని పేరు, 160 పౌండ్లు ముట్టినట్టు రాత ఉన్నాయి.